ఎన్నూరులో కూర్చిన చేతిగడియారం



వార్తలకు ముందు రేడియోలో వినిపించే సంకేత ధ్వనులు మీకు కొత్తవి కావు. ఆ ధ్వనులు వినగానే చేతి వాచీ వంక చూసుకుని, ముల్లు కొంచెం ముందుకో వెనక్కో తిప్పుకోవడం ఒక తరం వారికి అలవాటు. మా నాన్నగారు ప్రతి ఉదయం అదే పని చేసేవారు. ఎన్నూరులోని ఒక కర్మాగారంలో ఆయన ఉద్యోగం. కూత కూసే సమయానికి గేటు దగ్గర ఉండాలి. ఆ కూతకూ, రేడియో ధ్వనికీ, తన వాచీకీ పొత్తు కుదిరితేనే ఆయనకు మనసు కుదుటపడేది.

గూడూరు నుంచి మద్రాసు వెళ్లే రైలులో నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ, గుమ్మిడిపూండి, పొన్నేరి, మీంజూరు దాటాక ఎన్నూరు వస్తుంది. ఒకవైపు సముద్రం, ఒకవైపు ఉప్పుటేరు, మధ్యలో కర్మాగారాలు. మన సరిహద్దు జిల్లాల నుంచి ఎందరో పొట్ట చేతబట్టుకుని ఆ స్టేషనులో దిగినవారే. మా నాన్నగారూ అలా దిగినవారే. ఆ ఎన్నూరులోనే, మా ఇంటి వసారాలో, రెండేళ్ల క్రితం నేను ఒక చేతిగడియారం కూర్చాను. కొన్నది కాదు. చవగ్గా దొరికే భాగాలు ఒక్కొక్కటే తెచ్చుకుని, నా చేతులతో కూర్చుకున్నది. అది ఎలా సాధ్యమైందో, దాని వెనుక ఎంత చరిత్ర ఉందో ఈ ప్రసంగంలో మనవి చేస్తాను.

ఇంట్లో గడియారం చేసుకోవడం మనకు కొత్త సంగతి కాదు. అసలు గడియారం అనే మాటలోనే గడియ ఉంది. గడియ అంటే 24 నిమిషాలు. పగలూ రాత్రీ కలిపి 60 గడియలు. పూర్వం మన ఊళ్లలో గడియకుడుక అనే చిన్న రాగి గిన్నె ఉండేది. దాని అడుగున సన్నని రంధ్రం. నీళ్ల తొట్టిలో దాన్ని వదిలితే, రంధ్రం గుండా నీరు మెల్లగా ఎక్కి, ఒక గడియకు గిన్నె మునిగిపోయేది. తీసి, నీళ్లు వంచి, మళ్లీ వదలాలి. పెళ్లి ముహూర్తాలు అలా చూసేవారు. గిన్నె బరువూ, రంధ్రం సైజూ సరిగ్గా కుదిర్చిన కంచరివాడే ఆనాటి గడియారపు పనివాడు. అతని పనిలో రహస్యమేమీ లేదు. చూసినవాడికి అర్థమయ్యేది. పాడైతే ఊళ్లోనే బాగయ్యేది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాం.

ఆ గడియ ఏ ఊరి గడియ ఆ ఊరిదే. సూర్యుడు నడినెత్తికి వస్తే ఆ ఊరికి మధ్యాహ్నం. ఊరి కాలం పోయి దేశకాలం రావడానికి మద్రాసే ఒక కారణం. 1792లో ఈస్టిండియా కంపెనీవారు నుంగంబాక్కంలో ఖగోళ పరిశీలనాలయం కట్టించారు. అక్కడ నిలిపిన గ్రానైటు స్తంభం మీద తెలుగులో కూడా శాసనం చెక్కించారు. 1802లో అక్కడి ఖగోళ శాస్త్రవేత్త గోల్డింగ్‌హామ్ మద్రాసు కాలాన్ని గ్రీనిచ్ కాలానికి 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందుగా నిర్ణయించాడు. తరువాత రైళ్లు వచ్చాయి. 1856లో రాయపురం నుంచి దక్షిణాదిన మొదటి రైలు నడిచింది. బొంబాయి ఒక కాలం, కలకత్తా ఒక కాలం పాటిస్తే రైళ్లు నడపడం ఎలా? రెంటికీ మధ్యగా ఉన్నది గనుక మద్రాసు కాలమే రైల్వే కాలమైంది.

1906 జనవరి 1 నుంచి భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది. దానికి ఆధారమైన 82న్నర డిగ్రీల రేఖాంశం మన కాకినాడ దగ్గరగా వెళుతుంది. ఆనాడు మద్రాసు గడియారాలను దాదాపు 9 నిమిషాలు ముందుకు తిప్పుకోవలసి వచ్చింది. అంటే కాలం ఎంతో చెప్పే అధికారం ఊరి గిన్నె నుంచి దూరాన ఉన్న ఒక కార్యాలయానికి వెళ్లిపోయింది. ఆ కాలాన్ని వెంట ఉంచుకోవాలంటే మనిషికి జేబులోనో చేతికో ఒక యంత్రం కావాలి. కానీ ఆ యంత్రం ధర సామాన్యుడికి అందేది కాదు. జేబు గడియారం జమీందారుకు, దొరకు, స్టేషను మాస్టరుకు మాత్రమే ఉండేది.

వాచీని సామాన్యుడి దగ్గరకు తెచ్చిన కథలో ఇద్దరిని తలచుకోవాలి. ఒకడు అమెరికావాడైన ఆరన్ డెనిసన్. అంతవరకు ఒక వాచీలోని చక్రం మరో వాచీలో ఇమిడేది కాదు. పనివాడు ప్రతిదాన్నీ ఆకురాయితో అరగదీసి కుదిర్చేవాడు. 1850లలో డెనిసన్, అతని సహచరులు యంత్రాలతో ఒకే కొలతకు భాగాలు చేయించి, ఏ భాగమైనా ఏ వాచీలోనైనా ఇమిడేటట్లు చేయాలని పూనుకున్నారు. వారు వాల్తమ్ అనే ఊళ్లో పెట్టిన కర్మాగారం అందుకు పేరు పొందింది. రెండోవాడు స్విట్జర్లండులో పనిచేసిన జార్జ్ ఫ్రెడరిక్ రోస్కోఫ్. కూలివాడు కూడా కొనగలిగే వాచీ చేయాలని అతని పట్టుదల. భాగాల సంఖ్య 57కు తగ్గించి, 1867లో 20 ఫ్రాంకులకు వాచీ అమ్మాడు. ఆ రోజుల్లో అది కార్మికుడి వారం కూలికి సమానం. దానికి కార్మికుడి వాచీ అనే పేరు వచ్చింది. గొప్ప వాచీలు చేసేవారు మొదట దాన్ని చులకన చేశారు. కానీ రైతులూ కూలీలూ దాన్ని ఆదరించారు.

భాగాలు ఒకే కొలతలో ఉండటం, భాగాలు తక్కువగా ఉండటం, ఈ రెండూ కుదిరాకే వాచీ చవకైంది. ఇంట్లో కూర్చుని వాచీ కూర్చుకోవడం ఈనాడు నాకు సాధ్యమైందంటే ఆ రెండు ఆలోచనల పుణ్యమే.

ఇక మన ఎన్నూరుకు వద్దాం. ఎన్నూరుకూ వాచీకీ ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. ఎన్నూరు కూర్పు నేర్చిన ఊరు. 1948లో అశోక్ మోటార్స్ సంస్థ ఏర్పడింది. 1949లో ఎన్నూరు కర్మాగారంలో ఆస్టిన్ ఏ40 కార్లను కూర్చడం మొదలుపెట్టారు. ఇంగ్లండు నుంచి విడిభాగాలు ఓడల్లో వచ్చేవి. ఇక్కడి పనివారు వాటిని బిగించి కారు చేసేవారు. తరువాత లేలాండ్ వారి లారీలు వచ్చాయి. 1955లో సంస్థ పేరు అశోక్ లేలాండ్ అయింది. అదే 1955లో పక్కనే ఉన్న తిరువొత్తియూరులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ బుల్లెట్ మోటారు సైకిళ్లు కూర్చడం ప్రారంభించింది. అవీ మొదట ఇంగ్లండు నుంచి భాగాలుగా వచ్చినవే. మరలు బిగిస్తూ బిగిస్తూ, ఈ భాగం మనమే పోయవచ్చు, ఈ గేరు మనమే కోయవచ్చు అని నేర్చుకున్నారు. కొన్నేళ్లకు భాగాలన్నీ ఇక్కడే తయారయ్యాయి.

బయటివాళ్లు తెచ్చిన ముక్కలను బిగించడం కూడా ఒక పనేనా అని ఆనాడు ఎగతాళి చేసినవారు ఉండే ఉంటారు. కానీ కూర్చడమే బడి. బండిని విప్పి మళ్లీ బిగించినవాడికి దాని గుట్టు తెలుస్తుంది. గుట్టు తెలిసినవాడే రేపు కొత్తది చేస్తాడు. మా నాన్నగారు బిగింపు విభాగంలోనే పనిచేశారు. ఇంటికి వచ్చాక కుట్టుమిషను విప్పేవారు, సైకిలు విప్పేవారు, రేడియో కూడా విప్పేవారు. వాచీ మాత్రం ఎప్పుడూ విప్పలేదు. అది పెళ్లిలో మా తాతయ్య అల్లుడికి పెట్టిన వాచీ. హెచ్‌ఎంటీ జనతా.

ఆ వాచీ గురించి కొంచెం చెప్పాలి. హిందుస్తాన్ మెషిన్ టూల్స్ అనే ప్రభుత్వ రంగ సంస్థ 1953లో ఏర్పడింది. 1961లో జపానుకు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో వాచీల తయారీ ప్రారంభించింది. అంతకుముందు వాచీ అంటే విదేశీ సరుకే. దిగుమతి మీద ఆంక్షలు ఉండేవి. దొంగతనంగా వచ్చిన వాచీలకు గిరాకీ ఉండేది. అటువంటి రోజుల్లో జనతా అనే పేరుతో మన దేశంలో తయారైన వాచీ వచ్చింది. పేరులోనే ఉద్దేశం ఉంది. 17 రాళ్ల వాచీ, రోజుకొకసారి కీ ఇవ్వాలి. జనతా తరువాత పైలట్, సోనా, కోహినూర్ వంటివి ఎన్నో వచ్చాయి. ఉద్యోగం వచ్చినా, పరీక్ష పాసైనా, పెళ్లి కుదిరినా హెచ్‌ఎంటీ వాచీయే బహుమతి.

కీ ఇచ్చే వాచీ ఎలా నడుస్తుందో రెండు మాటల్లో చెబుతాను. కీ తిప్పితే లోపల డబ్బీలో ఉన్న ఉక్కు పట్టీ బిగుసుకుంటుంది. అది విప్పుకోవాలని చూస్తూ పళ్ల చక్రాలను తోస్తుంది. దాన్ని ఒక్కసారిగా విప్పుకోనివ్వకుండా కొంచెం కొంచెం వదిలే కాపలాదారు ఒకడున్నాడు. అదే బ్యాలెన్స్ చక్రం. వెంట్రుక వంటి స్ప్రింగు సాయంతో అది ఇటూ అటూ ఊగుతుంది. జనతా వాచీలో గంటకు 18,000 టిక్కులు, అంటే సెకనుకు 5. చెవి దగ్గర పెట్టుకుంటే వినిపించేది ఆ చప్పుడే.

మా నాన్నగారు పోయాక ఆ వాచీ నా చేతికి వచ్చింది. కొన్నాళ్లకు ఆగిపోయింది. బజారులో అద్దాల పెట్టెలాంటి చిన్న కొట్టులో కూర్చునే ఒక పెద్దాయన దగ్గరకు తీసుకుపోయాను. ఆయన స్వస్థలం సూళ్లూరుపేట వైపు. కంటికి ఐగ్లాసు తగిలించుకుని వెనక మూత తీసి చాలాసేపు చూశాడు.

“బాబూ, ఈ వాచీలో మూడు వాచీలున్నాయి” అన్నాడు.

“అదేమిటండీ, ఇది మా నాన్నగారి వాచీ” అన్నాను.

“మీ నాన్నగారిదే. బ్యాలెన్సు ఒక వాచీది, ఈ వంతెన ఇంకో వాచీది, తక్కినది దీనిది. ఎవరో ఎప్పుడో మార్చారు. మార్చబట్టే ఇన్నేళ్లు నడిచింది” అన్నాడు.

నాకు మొదట బాధ కలిగింది. మోసం జరిగిందేమో అనిపించింది. తరువాత ఆలోచించాను. ఆగిపోయిన వాచీలోని మంచి భాగం తీసి నడిచే వాచీలో పెట్టడం మరమ్మతుదారుల వృత్తిధర్మం. భాగాలన్నీ ఒకే కొలతవి గనుకే అది సాధ్యమైంది. మా నాన్నగారు విప్పకుండా భద్రంగా దాచుకున్న వాచీ కూడా అసలు సంగతికి కూర్చిన వాచీయే. అప్పుడే నాకూ ఒకటి కూర్చి చూడాలనే కోరిక పుట్టింది.

“మీ దగ్గర నేర్చుకోవచ్చా?” అని అడిగాను.

“నేర్చుకోవడానికి వచ్చేవాళ్లే లేరు బాబూ, రా” అన్నాడు ఆయన. “ముందు కీ వాచీ వద్దు, చెయ్యి కుదరదు. బ్యాటరీ వాచీతో మొదలుపెట్టు.”

బ్యాటరీ వాచీ కథ కూడా వినదగినది. స్ఫటికాన్ని నొక్కితే దానిలో విద్యుత్తు పుడుతుందని 1880లో ఫ్రాన్సుకు చెందిన క్యూరీ సోదరులు కనిపెట్టారు. తిరగేసి విద్యుత్తు ఇస్తే స్ఫటికం కంపిస్తుంది. 1927లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో వారెన్ మారిసన్ దానితో గడియారం చేశాడు. అది పెద్ద యంత్రం. చేతికి పెట్టుకునే స్ఫటికపు వాచీని 1969 డిసెంబరు 25న జపానుకు చెందిన సీకో సంస్థ అమ్మకానికి పెట్టింది. దాని ధర 4,50,000 యెన్లు. ఆ రోజుల్లో ఆ డబ్బుకు జపానులో ఒక చిన్న కారు వచ్చేది.

ఈ వాచీలో ఉండే స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఇదేమి లెక్క అనిపిస్తుంది. పిల్లలకు ఒక పని చెప్పండి. 32,768ని సగం చేయమనండి, 16,384. మళ్లీ సగం, 8,192. అలా 15 సార్లు సగం చేస్తే సరిగ్గా 1 వస్తుంది. వాచీలోని చిన్న చిప్పు చేసేది ఈ సగాల లెక్కే. సెకనుకు ఒక విద్యుత్ తాపు వస్తుంది. ఆ తాపుకు ఒక బుల్లి మోటారు ఒక అడుగు కదిలి, పళ్ల చక్రాల ద్వారా ముల్లును ముందుకు జరుపుతుంది. కీ వాచీ రోజుకు కొన్ని సెకన్లు అటూ ఇటూ అయితే, మామూలు స్ఫటికపు వాచీ నెలకు 20 సెకన్ల లోపే తేడా చూపుతుంది.

దీనితో ప్రపంచంలో వాచీల వ్యాపారం తలకిందులైంది. స్విట్జర్లండులో 1970 ప్రాంతంలో ఈ పరిశ్రమలో సుమారు 90,000 మంది ఉండగా, 1980ల నడుమకు సుమారు 30,000కు తగ్గిపోయారు. మన దగ్గర హైదరాబాదు ఆల్విన్ సంస్థ 1980లలో సీకో సహకారంతో వాచీలు చేసింది. 1984లో టాటా సంస్థా, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థా కలిసి టైటాన్ నెలకొల్పాయి. దాని కర్మాగారం హొసూరులో. హొసూరు చుట్టుపక్కల తెలుగు ఎంత వినిపిస్తుందో సరిహద్దులో ఉన్న మీకు చెప్పనక్కరలేదు. ఆ పల్లెల నుంచి బడి చదువు ముగించిన పిల్లలను తీసుకుని, శిక్షణ ఇచ్చి, సన్నని భాగాలు కూర్చే పనిలో పెట్టారు. అక్కడా కూర్పే బడి అయింది. హెచ్‌ఎంటీ మాత్రం మారిన కాలానికి తగినంత వేగంగా మారలేకపోయింది. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం దాని వాచీల సంస్థను మూసివేయడానికి ఆమోదం తెలిపింది.

ఒకనాడు కారు ధర పలికిన స్ఫటికపు యంత్రం ఈనాడు ఒక పూట హోటలు భోజనం ఖర్చుకు దొరుకుతుంది. దీన్ని మరమ్మతుదారులు మిషను అంటారు. జపాను మియోటా మిషన్లు, చైనా మిషన్లు బజారులో విరివిగా ఉన్నాయి. డయలు, ముళ్లు, కేసు, పట్టీ విడివిడిగా కొనవచ్చు. అందుకే ఈనాడు ఎన్నో దేశాల్లో ఇంట్లో వాచీ కూర్చుకోవడం ఒక వ్యాపకమైంది. నాకు మిషను, డయలు, ముళ్లు, కేసు, పట్టీ అన్నీ కలిపి వెయ్యి రూపాయల లోపే అయింది.

ఇక కూర్చే పద్ధతి చెబుతాను. పనిముట్లు చాలా తక్కువ. సన్నని మొన ఉన్న ట్వీజరు, కంటికి ఐగ్లాసు, చిన్న స్క్రూడ్రైవర్లు, దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి, ముళ్లు నొక్కడానికి మెత్తని మొన గల పుల్ల. బల్ల మీద తెల్లకాగితం పరచండి. జారిపడిన ముక్క కనబడుతుంది. ఫ్యాను ఆపండి. వేళ్లకు రబ్బరు తొడుగులు వేసుకోండి, చెమట తగిలితే డయలు మీద మచ్చ పడుతుంది.

మొదట డయలు. దాని వెనుక రెండు సన్నని కాళ్లు ఉంటాయి. అవి మిషనులోని రెండు రంధ్రాలలో దిగాలి. మిషనుకు తగిన డయలు కొనకపోతే ఇక్కడే పని ఆగిపోతుంది. తరువాత ముళ్లు. ముందు గంటల ముల్లు, దానిపైన నిమిషాల ముల్లు, చివర సెకన్ల ముల్లు. మూడింటినీ 12 మీదే నిలపాలి. ఒకదానికొకటి తగలకూడదు, డయలుకూ తగలకూడదు. పక్క నుంచి చూస్తే మూడు అంతస్తుల మేడలా సమంగా కనిపించాలి. నొక్కేటప్పుడు మిషను కింద గట్టి ఆధారం ఉండాలి. నేను మొదటిసారి సెకన్ల ముల్లు వంచేశాను. రెండోసారి ఎక్కడో ఎగిరిపడింది. ఇల్లంతా ఊడ్చినా దొరకలేదు. మూడోసారి నిలిచింది.

తరువాత కీ కాడ. దుకాణంలో అది పొడుగ్గా వస్తుంది. కేసుకు సరిపోయేటట్లు కొలిచి కత్తిరించి, ఆకురాయితో నునుపు చేసి, కొనకు కీ బిగించాలి. పొడుగైతే మళ్లీ కోయవచ్చు, పొట్టిదైతే పారేయవలసిందే. కనుక కొంచెం కొంచెంగా కోయాలి. చివరికి మిషనును కేసులో దించి, దుమ్ము ఊది, రబ్బరు వలయం సరిగ్గా కూర్చోబెట్టి, వెనక మూత బిగించాలి. ఎన్నూరు వంటి సముద్రతీరంలో ఆ వలయమే ప్రాణం. ఉప్పుగాలి చొరబడితే ఉక్కు తుప్పు పట్టడానికి ఎన్నో రోజులు పట్టదు. పులికాటు, దుగరాజపట్నం తీరాన ఉన్న శ్రోతలకు ఇది మరీ ముఖ్యం.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది, ఈ వాచీల బొత్తాం బ్యాటరీలు చిన్నపిల్లలకు అందనివ్వకండి. మింగితే ఆహారనాళం లోపల కాలిపోయే ప్రమాదం ఉంది. పొరపాటున మింగినట్టు అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. రెండోది, పాత వాచీల డయళ్ల మీద చీకట్లో మెరవడానికి ఒకప్పుడు రేడియం పూసేవారు. అమెరికాలో 1917 తరువాత ఆ రంగు పూసే పనిలో చేరిన అమ్మాయిలు కుంచె మొనను పెదవులతో సన్నం చేసుకుంటూ, రేడియం ఒంటికి ఎక్కి, దవడ ఎముకలు పుచ్చిపోయి ఎందరో చనిపోయారు. రేడియం వెలుగు తగ్గినా దాని విషకిరణాలు వందల ఏళ్లు పోవు. కనుక పాత డయలు మీది రంగును గోకవద్దు, దాని పొడి పీల్చవద్దు.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. కూర్చిన వాచీ డయలు మీద ఎవరి పేరు ఉండాలి? హెచ్‌ఎంటీ మూతపడిన తరువాత దాని మీద జనానికి మమకారం పెరిగింది. పాత మిషన్లను తీసుకుని, కొత్తగా రంగు పూసిన డయలు తగిలించి, అసలు సిసలు పాత వాచీ అని అమ్మేవారు తయారయ్యారు. నేనూ ఒకసారి అలా మోసపోయాను. మెరిసే ఆకుపచ్చ డయలు చూసి ముచ్చటపడి కొన్నాను. పెద్దాయనకు చూపిస్తే ఒక నవ్వు నవ్వాడు.

“మిషను పాతదే, మంచిదే. డయలు మాత్రం అబద్ధం చెబుతోంది బాబూ” అన్నాడు.

మా నాన్నగారి వాచీలోనూ వేరే భాగాలున్నాయి, ఈ వాచీలోనూ వేరే భాగాలున్నాయి. మరి తేడా ఏమిటి? మొదటిది నడవడం కోసం మార్చినది. రెండోది నమ్మించడం కోసం మార్చినది. చేతిపని రెంటిలోనూ ఒకటే, బుద్ధి వేరు. అందుకే నేను కూర్చిన వాచీ డయలు మీద ఏ కంపెనీ పేరూ లేదు. ఖాళీ డయలు కొన్నాను. ఎవరైనా అడిగితే మిషను ఫలానాది, కేసు ఫలానాది, కూర్చింది నేను అని చెబుతాను. అలా చెప్పుకోగలిగినంత వరకు ఈ వ్యాపకంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

వాచీ ఎందుకు, చేతిలో ఫోనుంది కదా అని మా అబ్బాయి అంటాడు. నిజమే. కాలం తెలుసుకోవడానికి ఫోను చాలు. కానీ ఫోను మూత తీసి లోపల ఏముందో చూడగలమా? పాడైతే కొత్తది కొనడమే మార్గమని మనకు అలవాటైపోయింది. విప్పడం, చూడటం, సరిచేయడం అనే అలవాటు ఇంట్లో ఒక్కరికైనా ఉండాలి. ఎన్నూరుకు కర్మాగారాలు వచ్చాయి, కొన్ని వెళ్లిపోయాయి. 1970లో మొదలైన ఎన్నూరు థర్మల్ విద్యుత్ కేంద్రం 2017లో మూతపడింది. యంత్రాలు పోతాయి. పనివాడి చేతిలోని నేర్పు ఇంకొకరికి అందితేనే నిలుస్తుంది. అద్దాల పెట్టెలో కూర్చున్న ఆ పెద్దాయన లాంటివారు మీ ఊరి బజారులోనూ ఒకరు మిగిలి ఉంటారు. వారి పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చునే పిల్లవాడు ఒక్కడైనా ఉంటే, గడియకుడుక చేసిన కంచరివాడి విద్యకు వారసుడు ఉన్నట్టే.

నేను మా అబ్బాయితో ఎక్కువ వాదించలేదు. ఒక ఆదివారం ట్వీజరు అతని చేతికిచ్చి, సెకన్ల ముల్లు నువ్వు పెట్టు అన్నాను. అరగంట తంటాలు పడ్డాడు. ముల్లు నిలిచి, మొదటి అడుగు కదిలినప్పుడు అతని ముఖం చూడాలి. ఆ రోజు ఫోను ఎక్కడ పెట్టాడో అతనికే గుర్తులేదు.

మా నాన్నగారి జనతా వాచీకి పెద్దాయన నాలుగో వాచీ నుంచి ఒక స్ప్రింగు తెచ్చి వేశాడు. ఇప్పుడది నడుస్తోంది. ఉదయం దానికి కీ ఇస్తాను. రేడియో ధ్వనులకు రెండు వాచీలూ సరిచూసుకుంటాను. ఇక్కడ ఒక చిన్న మాట. ఫోనులో వచ్చే రేడియో ప్రసారం కొన్ని సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. వాచీ సరిచేసుకోవాలంటే మామూలు రేడియో సెట్టులోనే వినండి. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో సీజియం పరమాణు గడియారాలు దేశకాలాన్ని కాపాడుతున్నాయి. ఆ కాలానికీ, ఎన్నూరు వసారాలో ఒక మామూలు మనిషి కూర్చిన వాచీకీ పొత్తు కుదిరినప్పుడు కలిగే తృప్తి చిన్నదేమీ కాదు.

మీ ఇంట్లో బీరువా అరలో ఆగిపోయిన పాత వాచీ ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని పారేయకండి. ఒకసారి మూత తీయించి లోపల చూడండి.